హాలోవీన్‌కి ఎంతమంది పిల్లలు వస్తారు, చాక్లెట్లు ఎన్ని కొనాలి?

ఎండలు ఇంకా తగ్గకముందే, ఆగస్టు చివరికల్లా వాల్‌మార్ట్, టార్గెట్, కాస్ట్‌కోల్లో నారింజరంగు చాక్లెట్ సంచులు గుట్టలుగా పోసేస్తారు. అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు అవి చూసి కంగారు పడనక్కర్లేదు, కొనడానికి చాలా టైముంది. ముందుగా చెయ్యాల్సిన పని వేరే ఉంది. హాలోవీన్ అంటే అక్టోబరు 31 సాయంత్రం పిల్లలు వేషాలేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ తిరిగే పండగ. ఆ సాయంత్రం మీ గుమ్మం ముందుకి ఎంతమంది పిల్లలు వస్తారో కనుక్కోవాలి. అది తేలితే ఎన్ని కొనాలో దానంతటదే తేలుతుంది.

ఊరు మొత్తానికి ఒక లెక్కంటూ ఉండదు. ఒకే సబ్‌డివిజన్‌లో, అంటే ఒకే ఇళ్ళ కాలనీలో, ముందు వీధిలో బెల్లు ఆగకుండా మోగుతుంటే, వెనక వీధిలో తలుపు తట్టే పిల్లలే ఉండకపోవచ్చు. అందుకే ఆఫీసులో ఎవరో "మాకు రెండువందల మంది వస్తారు" అన్నారని మీరూ రెండువందల మందికి కొనకండి. మీ వీధినే చూడండి. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నాయా, కాలిబాట ఉందా, వీధిదీపాలు బాగా వెలుగుతాయా, ఎలిమెంటరీ స్కూలు నడిచివెళ్ళే దూరంలో ఉందా? ఈ నాలుగూ ఉంటే పిల్లలు గుంపులు గుంపులుగా వస్తారు. తక్కువ నడకలో ఎక్కువ తలుపులు తట్టగలిగే వీధులు వాళ్ళకి బాగా తెలుసు. అలాంటి వీధులకి పక్క కమ్యూనిటీల నుంచి కూడా తల్లిదండ్రులు కార్లలో తీసుకొచ్చి దింపుతారు. ఎకరం, అరెకరం స్థలాల్లో ఇళ్ళుండే చోట, కాలిబాటలు లేని చోట, బాగా ఎత్తు మీద ఉన్న ఇళ్ళ దగ్గర పిల్లలు పలచబడతారు.

అపార్ట్‌మెంట్లో ఉంటే లెక్క ఇంకా మారుతుంది. మెట్లెక్కి మూడో అంతస్తుకి వచ్చేవాళ్ళు తక్కువ. చాలా కాంప్లెక్సుల్లో లీజింగ్ ఆఫీసువాళ్ళు ఒక కాగితం పెట్టి, చాక్లెట్లు ఇచ్చేవాళ్ళ ఫ్లాట్ నంబర్లు రాయించుకుంటారు, లేదా క్లబ్‌హౌస్‌లోనే అందరికీ కలిపి పంచుతారు. వెళ్ళి అడగండి. టౌన్‌హోములైతే దీనికి పూర్తిగా తలకిందులు. తలుపు పక్కన తలుపు కాబట్టి అరగంటలో ఒక సంచి ఖాళీ అయిపోతుంది.

అన్నిటికన్నా నమ్మకమైన కబురు పక్కింటివాళ్ళ దగ్గర దొరుకుతుంది. "పోయినేడు మీకు ఎంతమంది పిల్లలొచ్చారు?" అని అడగండి. కొత్తగా వచ్చామని చెప్పి ఈ ఒక్క మాట అడిగితే చాలు, ఎన్ని గంటలకి మొదలవుతుంది, ఏ ఇంట్లో భయపెట్టే బొమ్మలు పెడతారు, ఏ ఇంట్లో పెద్ద చాక్లెట్ బారులు ఇస్తారు, అన్నీ చెప్పేస్తారు. పక్కవాళ్ళతో ఇంకా పలకరింపులు లేకపోతే మొదలుపెట్టడానికి ఇంతకంటే తేలికైన ప్రశ్న లేదు. కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులోనూ, ఇరుగుపొరుగువాళ్ళ యాప్ నెక్స్ట్‌డోర్‌లోనూ కూడా అడగొచ్చు. మీరు దిగింది కొత్తగా కడుతున్న కమ్యూనిటీ అయితే పోయినేడాది లెక్క ఎవరి దగ్గరా ఉండదు. అప్పుడు సాయంత్రంపూట వీధిలో నాలుగు రోజులు నడవండి. సైకిళ్ళు, బాస్కెట్‌బాల్ హూపులు, గరాజుల ముందు స్కూటర్లు ఎన్ని ఇళ్ళ దగ్గర ఉన్నాయో చూస్తే ఒక అంచనా వస్తుంది.

ఇక అంకెలు. అపార్ట్‌మెంట్ పైఅంతస్తు అయితే పదిమందికి సరిపడా ఉంచుకుంటే చాలు. మామూలు వీధిలో విడి ఇల్లయితే, ఏ సమాచారమూ దొరకనప్పుడు, నలభై యాభై మందికి సిద్ధపడండి. స్కూలు పక్కన, చిన్నపిల్లల కుటుంబాలు నిండుగా ఉన్న కమ్యూనిటీలో నూరు దాటినా ఆశ్చర్యపోవద్దు. టెక్సాస్‌లో ఫ్రిస్కో, వర్జీనియాలో యాష్‌బర్న్, జార్జియాలో కమింగ్ లాంటి చోట్ల మనవాళ్ళు ఇళ్ళు తీసుకునేది స్కూళ్ళు చూసుకునే కదా, కాబట్టి మన ఇళ్ళ దగ్గర పిల్లలు ఎక్కువే అనుకోండి.

కొనేటప్పుడు సంచి బరువు చూడకండి, ముక్కలు ఎన్నో చూడండి. పెద్ద సంచుల మీద ఆ అంకె రాసే ఉంటుంది. కాస్ట్‌కో, సామ్స్ క్లబ్ సంచుల్లో 150 ముక్కలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటాయి. తలకి రెండు ముక్కల చొప్పున వేసుకోండి. అరవైమంది వస్తారనుకుంటే 120 ముక్కలు, అంటే ఒక పెద్ద సంచి సరిపోతుంది, కాసిని మిగులుతాయి కూడా. దానికి తోడు ఇంకొక చిన్న సంచి అదనంగా ఉంచుకోండి. ఆ అదనపు సంచి మీ ఇంట్లో తినేదై ఉండాలి, దాని మీద దెయ్యాల బొమ్మలు లేనిదైతే మరీ మంచిది. విప్పకుండా మిగిలిపోతే పుట్టినరోజుకో, ఆఫీసుకో పనికొస్తుంది. మొదటి గంటలో ఒకటి రెండు మాత్రమే ఇస్తూ, రద్దీ చూసుకుని పెంచుకుంటూ పోతే ఎప్పుడూ ఇబ్బంది రాదు. పెద్ద సైజు బారులు ఇవ్వాలని ఉంటే ఇవ్వండి, పిల్లల సంబరం చూడాల్సిందే. కానీ ఎంతమంది వస్తారో తెలియని మొదటి ఏడాది వద్దు, డబ్బాలో ముప్ఫై ఉంటే ముప్ఫయ్యొకటో పిల్లకి ఏమిస్తారు?

కొనడానికి మంచి సమయం అక్టోబరు రెండో, మూడో వారం. చివరి రెండు రోజుల్లో వెళ్తే పిల్లలు ఇష్టపడనివే మిగిలి ఉంటాయి. కోకో ధర 2024 డిసెంబరులో టన్ను 12,000 డాలర్లు దాటింది, ఆ వేడి చాక్లెట్ సంచుల మీద బాగానే పడింది. ఖర్చు తగ్గించుకోవాలంటే సగం చాక్లెట్లు, సగం లాలీపాప్‌లు, స్మార్టీస్ లాంటివి కలపండి. టెక్సాస్, జార్జియా, ఆరిజోనావాళ్ళు తెచ్చిన సంచిని కారులోనో గరాజులోనో వదిలేయకండి, అక్టోబరులో కూడా చాక్లెట్లు కరిగి ముద్దయిపోతాయి.

ఏవి కొనాలన్న దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగుదాం, ఎందుకంటే దీన్ని మనవాళ్ళు చాలామంది పట్టించుకోరు. మన కమ్యూనిటీల్లో తలుపు తట్టే పిల్లల్లో గుడ్డు కూడా తినని ఇళ్ళ పిల్లలు ఎంతోమంది ఉంటారు. మీ పిల్లలూ వాళ్ళలో ఉండొచ్చు. అమెరికాలో అమ్మే స్నికర్స్, మిల్కీవే, త్రీ మస్కటీర్స్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. స్టార్‌బర్స్ట్‌లో, క్యాండీ కార్న్‌లో, హరీబో గమ్మీల్లో, మార్ష్‌మెల్లోల్లో, రైస్ క్రిస్పీస్ ట్రీట్స్‌లో జెలటిన్ ఉంటుంది. జెలటిన్ అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. కిట్‌క్యాట్, మామూలు రీసెస్ పీనట్ బటర్ కప్పులు, స్కిటిల్స్, ట్విజ్లర్స్, సోర్ ప్యాచ్ కిడ్స్‌లో ఈ రెండూ ఉండవు. అయినా పండగ కోసం ప్రత్యేకంగా చేసిన ఆకారాల్లో పదార్థాలు మారుతుంటాయి, కాబట్టి సంచి వెనక చదవడం అలవాటు చేసుకోండి. గిన్నెలో సగమైనా శాకాహారులు తినగలిగినవి ఉంటే, మీ గుమ్మం దగ్గర ఏ పిల్లా చెయ్యి వెనక్కి తీసుకోనక్కర్లేదు.

రెండోది అలర్జీ. వేరుశనగ పడని పిల్లలు ఇక్కడ ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు, అది తమాషా కాదు, ప్రాణం మీదికొచ్చే విషయం. స్నికర్స్, రీసెస్, బటర్‌ఫింగర్, పేడే, ఈ నాలుగింటిలోనూ వేరుశనగ ఉంది. అందుకని విడిగా ఇంకో చిన్న గిన్నెలో పెన్సిళ్ళు, స్టిక్కర్లు, చీకట్లో మెరిసే గ్లో స్టిక్కులు పెట్టండి. చాక్లెట్లతో కలపకండి. ఇలా తిండి కానివి కూడా ఇస్తామని తెలియజేయడానికి ఇంటి ముందు నీలం, ఆకుపచ్చ కలిసిన టీల్ రంగు గుమ్మడికాయ పెట్టే పద్ధతి 2014 నుంచి దేశమంతా పాకింది. అలర్జీ ఉన్న పిల్లల తల్లులు ఆ రంగు కోసం వీధంతా వెతుక్కుంటారు. డాలర్ ట్రీలో కొన్న ప్లాస్టిక్ గుమ్మడికాయకి రంగేసి పెట్టినా సరిపోతుంది.

ఇంట్లో చేసినవి మాత్రం ఇవ్వకండి. మన అరిసెలు, సున్నుండలు, మైసూరుపాకు ఎంత ప్రేమగా చేసినా సరే, ముఖపరిచయం లేని పిల్లల సంచిలో వేస్తే ఇంటికెళ్ళాక తల్లిదండ్రులు పారేస్తారు. 1982లో చికాగో దగ్గర ఎవరో టైలెనాల్ అనే నొప్పి మాత్రల్లో సయనైడ్ కలిపి ఏడుగురి చావుకి కారణమయ్యారు. ఆ ఏడాది హాలోవీన్‌కి దేశమంతా భయపడింది, కంపెనీ సీలు లేనిది ఏదీ తినకూడదన్న నియమం అప్పటినుంచి మరీ గట్టిపడింది. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఇలాంటి వార్తలన్నీ పరిశీలించి, కొత్తవాళ్ళిచ్చిన హాలోవీన్ మిఠాయి వల్ల పిల్లలు చనిపోయినట్టు రుజువైన సంఘటన ఒక్కటీ దొరకలేదన్నారు. అయినా భయం భయమే. మిఠాయిలు పక్కింటివాళ్ళకి దీపావళి రోజున పేరుపెట్టి పిలిచి ఇవ్వండి, సంతోషంగా తింటారు.

దీపావళి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి, 2027లో మళ్ళీ రెండు రోజుల తేడాతో వస్తున్నాయి. ఇంటి ముందు వెలుతురు ఉంటే రమ్మని, లేకపోతే వద్దని ఇక్కడి లెక్క. పోర్చ్ లైటు వేస్తే పిల్లలు వస్తారు, ఆర్పేస్తే రారు. మీరు గుమ్మంలో దీపాలు పెట్టి లోపల పూజలో ఉంటే, బెల్లు మోగుతూనే ఉంటుంది. ఆ రోజున మెట్ల మీద నూనె దీపాలు వద్దు, పిల్లల గౌన్లు, కేప్‌లు పల్చటి పాలిస్టర్‌వి, నేల మీద జీరాడుతుంటాయి, క్షణంలో అంటుకుంటాయి. బయట బ్యాటరీ దీపాలు పెట్టి, నూనె దీపాలు లోపల వెలిగించుకోండి. హాలోవీన్ మీ నమ్మకానికి సరిపడదనుకుంటే లైటు ఆర్పేసి హాయిగా ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు.

తేదీ అన్నిచోట్లా 31 అనుకోవద్దు. ఒహాయో, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాల్లో చాలా ఊళ్ళు రోజునీ వేళనీ తామే ప్రకటిస్తాయి. కొలంబస్ చుట్టుపక్కల దీన్ని బెగ్గర్స్ నైట్ అంటారు, కొన్నేళ్ళు అది 30నే వచ్చింది. ఊరి వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. మిగతాచోట్ల చీకటి పడే వేళని బట్టి నడుస్తుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఆరింటికి ముందే సూర్యాస్తమయం, ఫ్రిస్కోలో ఆరున్నర దాటాక. బుజ్జిపిల్లలు వెలుతురుండగానే వస్తారు, చీకటి పడ్డాక గంటన్నర మంచి రద్దీ, ఎనిమిదిన్నర తర్వాత హైస్కూలు పిల్లలు. శుక్ర, శనివారాల్లో పడితే ఆలస్యంగా, ఎక్కువమంది తిరుగుతారు, 2026లో శనివారమే. సియాటెల్ వానకి, మిన్నియాపొలిస్ చలికి సంఖ్య సగానికి పడిపోవచ్చు.

గుమ్మం దగ్గర పెద్ద తతంగం ఏమీ ఉండదు. పిల్లలు "ట్రిక్ ఆర్ ట్రీట్" అంటారు, మీరు వేషం బాగుందని చెప్పి సంచిలో వేస్తారు, అంతే. లోపలికి పిలవకండి, మన మర్యాద అక్కడ పనికిరాదు. వేషం వెయ్యని పిల్లవాడికీ, మాట్లాడకుండా నిలబడిన పిల్లకీ, గడ్డాలు మొలుస్తున్న కుర్రాడికీ ప్రశ్నలు వెయ్యకుండా ఇవ్వండి. మాట రాని పిల్లలుంటారు, వేషం గుచ్చుకుంటుందని వేసుకోలేని పిల్లలుంటారు, తమ్ముణ్ణి తిప్పుతూ వచ్చిన అన్నలుంటారు. మీ పిల్లల్ని తీసుకుని మీరూ తిరగడానికి వెళ్తే, తలకి రెండు తీసుకోమని చీటీ రాసి గిన్నె బయట పెట్టొచ్చు. మొదటి నలుగురే ఊడ్చేసినా బాధపడకుండా ఉండటానికి అందులో కొన్నే వెయ్యండి, మిగతావి తిరిగొచ్చాక ఇవ్వొచ్చు.

ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చి ఉంటే గిన్నె వాళ్ళ చేతికివ్వండి. దసరాకి అయ్యవారు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ వస్తే పప్పుబెల్లాలు పెట్టిన తరం అది, ఈ పండగ వాళ్ళకి ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. నెలల తరబడి పగలంతా నలుగురి ముఖాలు కూడా కనిపించని ఇంట్లో కూర్చున్నవాళ్ళకి, ఊళ్ళోని పిల్లలంతా వరసగా వచ్చి నవ్వుతూ నిలబడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంగ్లీషు రాదని వెనకాడితే "హ్యాపీ హాలోవీన్" అన్న రెండు మాటలు నేర్పండి, చాలు. కుర్చీ పోర్చ్‌లో వేసి, స్వెట్టరు ఇచ్చి, మోకాళ్ళ నొప్పులుంటే మాటిమాటికీ లేవక్కర్లేకుండా గిన్నెని ఎత్తు బల్ల మీద పెట్టండి. అలర్జీ గిన్నె ఏదో, గుడ్డు ఉన్న చాక్లెట్లు ఏవో ముందే చూపించండి.

ఆ రాత్రి మీ పిల్లల సంచి బల్ల మీద గుమ్మరించి, చుట్టు ఊడినవి తీసేయండి, గుడ్డు, జెలటిన్ పట్టింపు ఉంటే అవీ విడదీయండి. ఆపరేషన్ గ్రాటిట్యూడ్ లాంటి సంస్థలు మిగిలినవి సైనికులకి పంపుతాయి, కొందరు పళ్ళ డాక్టర్లు కూడా తీసుకుంటారు. మర్నాడు, నవంబరు 1న, దుకాణాల్లో హాలోవీన్ సంచులన్నీ సగం ధరకి వస్తాయి. డిసెంబరులో ఇండియా వెళ్ళేవాళ్ళు చుట్టాలకి కావలసిన చాక్లెట్లు ఆ రోజే కొనేసుకుంటారు. పొద్దున్నే వెళ్ళండి, గడువు తేదీ చూసుకోండి, శాకాహారులకి పంచేవైతే స్నికర్స్ పక్కన పెట్టేయండి.