ఎక్స్‌రే క్లీన్‌గా ఉంది, పల్స్ మాత్రం దిగట్లేదు: ఛాతీకి దెబ్బ తగిలిన పిల్లల్లో సమస్య - పరిష్కారం

సమస్య: స్కూటీ ముందు నిలబడ్డ పిల్లాడు, సడన్ బ్రేకు, హ్యాండిల్ వచ్చి ఛాతీకి గుద్దుకుంది. నొప్పి మందు ఇచ్చారు, ఏడుపు ఆగింది, నిద్ర కూడా పోయాడు. మానిటర్ మీద పల్స్ 140 దగ్గరే ఉంది.

ముందు చూడాల్సింది: 12 లీడ్ల ఈసీజీ. ఐదు నిమిషాల పని. నాకు రిఫరై వచ్చే కేస్ షీట్లలో ఎక్స్‌రే ఉంటుంది, ఒక్కోసారి సీటీ కూడా ఉంటుంది. ఇదొక్కటే ఉండదు.

అసలు కారణం: గుండె కండరం కమిలిపోవడం. పెద్దవాళ్లకైతే పక్కటెముక విరిగి మనల్ని హెచ్చరిస్తుంది. పిల్లల ఎముకలు లేత వెదురులా వంగి మళ్లీ లేస్తాయి. దెబ్బంతా రొమ్ము ఎముక వెనకే ఉన్న కుడి జఠరిక (గుండె కింది కుడి గది) మీద పడుతుంది. చర్మం మీద మచ్చ కూడా ఉండకపోవచ్చు.

నేనూ ఒకసారి ఇక్కడే బోల్తా పడ్డాను. ఏడేళ్ల బాబు, పల్స్ 150. మొదట భయం అనుకున్నాం. తర్వాత లోపల రక్తం పోతోందేమోనని సెలైన్ మీద సెలైన్ ఎక్కించాం. పల్స్ ఇంకా పెరిగింది, గుండె ఆ నీళ్లను తోయలేక లివర్ ఉబ్బి చేతికి తగలడం మొదలైంది. అప్పుడు ఎకో (గుండె అల్ట్రాసౌండ్) చేస్తే కుడి జఠరిక బరువుగా, నీరసంగా కదులుతోంది. బీపీ అప్పటిదాకా బాగానే ఉంది. పిల్లల్లో అది పడేది చివర్లోనే. ఆ వయసుకి పై బీపీ 84 కన్నా దిగేదాకా చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోయినట్టే.

పరిష్కారం: ఈసీజీతోపాటే ట్రోపోనిన్ ఐ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే రక్తపరీక్ష) పంపండి. దెబ్బ తగిలిన వెంటనే తెచ్చి ఉంటే 4–6 గంటలకు మళ్లీ పంపండి. రెండూ నార్మల్‌గా ఉండి, పిల్లాడు స్థిరంగా ఉంటే గుండె సంగతి దాదాపు వదిలేయొచ్చు. ఏది తేడాగా ఉన్నా 24 గంటలు మానిటర్ మీద ఉంచాలి. బీపీ తగ్గినా, లయ తప్పినా వెంటనే ఎకో. సెలైన్ కొద్దికొద్దిగా, ప్రతిసారీ లివర్ తడిమి చూశాకే. సీకే-ఎంబీ అనే రక్తపరీక్ష వద్దు, ఒంటి కండరాల దెబ్బకూ అది పెరుగుతుంది. ఇంకో మాట: ఈసీజీలో వీ1 నుంచి వీ3 దాకా లీడ్లలో టీ వేవ్ (ప్రతి గుండె చప్పుడు చివర వచ్చే అల) తలకిందులుగా ఉండటం పిల్లల్లో మామూలే, దానికి టెన్షన్ పడకండి.

అరుదైనవి: గుండె చుట్టూ రక్తం చేరితే ఫాస్ట్ స్కాన్‌లో (మంచం దగ్గరే త్వరగా చేసే అల్ట్రాసౌండ్) కనబడుతుంది. కొత్తగా మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) వినిపిస్తే కవాటమో, గోడో చిరిగి ఉండొచ్చు, ఎకో చేయించండి. ఇది కొన్ని రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు కాబట్టి రివ్యూకి వచ్చినప్పుడు స్టెతస్కోప్ పెట్టి వినండి. ఛాతీకి బంతి తగిలి అక్కడికక్కడే కుప్పకూలితే అది వేరే కథ: పరీక్షలు పక్కనపెట్టి సీపీఆర్, గుండెకు కరెంట్ షాక్.