బాస్కెట్‌బాల్ జట్టు డిఫెన్స్ ఎక్కడ తెగుతోందో కనిపెట్టి సరిచేసుకోవడం ఎలా

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఒక కాలేజీ జట్టు వరసగా ఓడిపోతున్నప్పుడు కోర్టు పక్కన వినిపించే మాట ఒకటే: పిల్లలు డిఫెన్స్‌లో కష్టపడటం లేదు. ఈ నిర్ధారణ చాలాసార్లు తప్పు. కష్టపడని ఆటగాళ్లు ఎక్కడైనా ఉంటారు కానీ, జట్టు మొత్తం పాయింట్లు కారుస్తున్నదంటే సాధారణంగా దానికి కారణం వేరు. ప్రత్యర్థి స్క్రీన్ పెట్టినప్పుడు, అంటే కదలకుండా నిలబడి మన డిఫెండర్ దారికి ఒంటిని అడ్డుపెట్టినప్పుడు, ఎవరు బంతి వెంట వెళ్లాలి, ఎవరు రింగ్ దగ్గర ఆగాలి, ఎవరు మూలకు పరుగెత్తాలి అనే ప్రశ్నకు కోర్టులో ఉన్న ఐదుగురి దగ్గర ఐదు జవాబులు ఉండటమే ఆ కారణం. ఆ ఐదు జవాబులను ఒకటి చేయడం ఎలాగో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

పెద్ద పెద్ద ప్రొఫెషనల్ జట్లకూ ఇదే జబ్బు వస్తుంది, ఇదే మందు పనిచేస్తుంది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో బోస్టన్ సెల్టిక్స్ 2006-07లో 24 మ్యాచ్‌లే గెలిచి, మరుసటి సీజన్‌లో 66 గెలిచి ఛాంపియన్ అయింది. కెవిన్ గార్నెట్, రే అలెన్ వంటి ఆటగాళ్లు రావడం అందుకు పెద్ద కారణమే అయినా, అసిస్టెంట్ కోచ్ టామ్ థిబొడో డిఫెన్స్‌లో ప్రతి ఒక్కరికీ ఒక స్థానం, ఒక బాధ్యత నిర్ణయించడం అంతే ముఖ్యమైనది. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ మిల్వాకీ బక్స్. 2023లో డామియన్ లిల్లార్డ్‌ను తెచ్చుకోవడానికి, బంతి ఉన్నవాడిని కట్టడి చేయడంలో దిట్ట అయిన జ్రూ హాలిడేను ఆ జట్టు వదులుకుంది. అదే సమయంలో కొత్త కోచ్ అడ్రియన్ గ్రిఫిన్, రింగ్ దగ్గర నిలబడి కాపలా కాయడం అలవాటైన ఏడడుగుల బ్రూక్ లోపెజ్‌ను రింగ్‌కు దూరంగా, స్క్రీన్ దాకా పైకి రప్పించే పద్ధతి ప్రయత్నించారు. అది కుదరక కొద్ది మ్యాచ్‌లకే పాత పద్ధతికి మళ్లవలసి వచ్చింది. 30 గెలుపులు, 13 ఓటములతో ఉన్న జట్టు 2024 జనవరిలో తన కోచ్‌ను మార్చుకుందంటే, గెలుపుల వెనక దాగిన డిఫెన్స్ లోపం ఎంత కలవరపెట్టిందో ఊహించవచ్చు.

సరిచేయడానికి ముందు కొలవాలి. ప్రత్యర్థి ఎన్ని పాయింట్లు చేశాడన్న లెక్క ఒక్కటే చాలదు, ఎందుకంటే వేగంగా ఆడే మ్యాచ్‌లో ఇరు జట్లకూ పాయింట్లు ఎక్కువే వస్తాయి. ప్రత్యర్థి వేసిన షాట్ల సంఖ్యలోంచి, తమ షాట్ తప్పాక వాళ్లే తిరిగి దక్కించుకున్న బంతులను (ఆఫెన్సివ్ రీబౌండ్లను) తీసివేసి, షాట్ వేయకుండానే వాళ్లు పోగొట్టుకున్న బంతులను (టర్నోవర్లను) కలిపి, ఫ్రీ త్రోలను 0.44తో హెచ్చవేసి దానికి చేర్చితే, వాళ్లకు ఎన్ని పొసెషన్లు, అంటే బంతి చేతికొచ్చి దాడి చేసే అవకాశాలు, దక్కాయో సుమారుగా తెలుస్తుంది. ఉదాహరణకు 62 షాట్లు, 10 ఆఫెన్సివ్ రీబౌండ్లు, 14 టర్నోవర్లు, 20 ఫ్రీ త్రోలు అనుకుంటే దాదాపు 75 పొసెషన్లు అవుతాయి. వాటిలో 78 పాయింట్లు ఇస్తే, నూరు పొసెషన్లకు 104 ఇచ్చినట్టు. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ పోల్చవలసినది ఈ అంకెను.

ఆ తర్వాత ఎవరో ఒకరి ఫోన్‌లో తీసిన వీడియో ముందు కూర్చొని, ప్రత్యర్థి బంతి రింగ్‌లో పడిన ప్రతిసారీ వీడియోను వెనక్కి నడిపించి, తొలి తప్పు ఎక్కడ జరిగిందో రాసుకోవాలి. మూల నుంచి మూడు పాయింట్ల షాట్ పడితే అక్కడికి ఆలస్యంగా పరుగెత్తిన కుర్రాడిని తిట్టడం తేలిక. అయితే అతను ఆలస్యమైనది లోపలికి దూసుకొచ్చినవాడిని ఆపడానికి వెళ్లినందువల్ల, అలా దూసుకురాగలిగినది పైన స్క్రీన్ దగ్గర ఇద్దరూ ఒకే మనిషి వెంట వెళ్లినందువల్ల. రాసుకోవలసినది ఆ స్క్రీన్‌ను. నాలుగైదు మ్యాచ్‌లకు ఇలా రాస్తే, ఎక్కువ పాయింట్లు ఒకటి రెండు చోట్ల నుంచే కారుతున్నాయని తేలుతుంది.

ఎదురుదాడిలో సులువైన లేఅప్‌లు (రింగ్ పక్కనుంచే వేసే షాట్లు) ఇస్తున్న జట్టుకు మందు చిన్నది: మన షాట్ గాలిలో ఉండగానే ఇద్దరు వెనక్కి పరుగెత్తాలి. మొదటివాడు రింగ్‌ను కాయాలి, రెండోవాడు బంతిని ఆపాలి. ఆ ఇద్దరు ఎవరో ఆటకు ముందే తెలిసి ఉండాలి.

అసలు చిక్కు పిక్ అండ్ రోల్ దగ్గర, అంటే బంతి ఉన్న సహచరుడి కోసం ఒకడు స్క్రీన్ పెట్టి వెంటనే రింగ్ వైపు దూసుకెళ్లే ఆట దగ్గర ఉంది. దీన్ని కాయడానికి ముఖ్యంగా నాలుగు పద్ధతులున్నాయి. డ్రాప్‌లో పెద్ద ఆటగాడు రింగ్ వైపు వెనక్కి తగ్గి నిలబడతాడు, బంతి ఉన్నవాడిని కాసే గార్డ్, స్క్రీన్‌కు బంతి ఉన్న వైపు నుంచి దాటి అతన్ని వెనక నుంచి తరుముతాడు. లేఅప్ దొరకదు, మధ్య దూరపు షాట్ మాత్రం దొరుకుతుంది. స్విచ్‌లో ఇద్దరు డిఫెండర్లూ మనుషులను మార్చుకుంటారు. హెడ్జ్‌లో పెద్ద ఆటగాడు క్షణంపాటు పైకి వచ్చి బంతిని అడ్డుకొని తిరిగి తన మనిషి దగ్గరికి పరుగెత్తుతాడు. ఐస్ అనే నాలుగో పద్ధతిని పక్కగీత దగ్గర పెట్టే స్క్రీన్లకు వాడతారు. అందులో గార్డ్ మధ్యవైపు అడ్డంగా నిలబడి బంతిని స్క్రీన్ వైపు పోనివ్వక గీత వైపే నెడతాడు, పెద్ద ఆటగాడు కింద కాచుకొని ఉంటాడు.

వీటిలో ఏది మంచిదని అడగడం కంటే, మన దగ్గర ఎవరున్నారని అడగాలి. మన ప్రాంతపు కళాశాల జట్లలో సాధారణంగా నిజమైన పొడుగరి ఒక్కడే ఉంటాడు, మిగిలిన నలుగురూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటారు. అలాంటి జట్టు ఆ పొడుగరి మనిషి స్క్రీన్ పెడితే డ్రాప్, మిగతావాళ్ల మధ్య జరిగే స్క్రీన్లన్నిటికీ స్విచ్ అని నిర్ణయించుకొని, కనీసం ఒక నెల దానికే కట్టుబడి ఉండాలని నా అభిప్రాయం. ప్రత్యర్థిని బట్టి ప్రతి మ్యాచ్‌కూ పద్ధతి మార్చే జట్టుకు ఏ పద్ధతీ పట్టుబడదు.

ఇక్కడ ఉదయాన్నే ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూసి నేర్చుకునే కుర్రాళ్లకు ఒక హెచ్చరిక అవసరం. అక్కడి నియమాలు వేరు. 2001-02 నుంచి ఎన్‌బీఏలో, ఎవరినీ దగ్గరగా కాయకుండా డిఫెండర్ మూడు సెకన్లకు మించి పెయింట్‌లో (రింగ్ ముందు గీతలతో గుర్తించిన చోట) నిలబడకూడదు. మనవాళ్లు ఆడే అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నియమాల్లో ఆ నిషేధం లేదు. అందువల్ల మన పొడుగరి ఎంతసేపైనా రింగ్ కింద ఉండవచ్చు. టీవీలో చూసినట్టు అతన్ని అటూ ఇటూ బయటికి లాగి మళ్లీ లోపలికి పంపడం వల్ల చేతిలో ఉన్న లాభాన్ని వదులుకున్నట్టే. అలాగే మూడు పాయింట్ల గీత అక్కడ పైభాగంలో 7.24 మీటర్ల దూరంలో ఉంటే మనకు 6.75 మీటర్లే. అంటే హెల్ప్ ఇచ్చి (తన మనిషిని వదిలి, లోపలికి దూసుకొచ్చినవాడిని ఆపడానికి వెళ్లి) తిరిగి షూటర్ దగ్గరికి చేరడానికి మన ఆటగాడు పరుగెత్తవలసిన దూరం కాస్త తక్కువ. ఆ మేరకు ధైర్యంగా లోపలికి జరిగి హెల్ప్ ఇవ్వవచ్చు.

హెల్ప్‌ను నేర్పడానికి పాత షెల్ డ్రిల్‌ను మించినది లేదు. నలుగురు దాడి చేసేవాళ్లు బయట నిలబడి బంతిని తిప్పుతుంటారు, నలుగురు డిఫెండర్లు ప్రతి పాస్‌కూ, బంతి గాలిలో ఉండగానే, తమ స్థానాలు మార్చుకుంటారు. కబడ్డీలో రైడర్ కుడి మూలకు అడుగు వేయగానే ఎడమవైపు గొలుసు కూడా కదిలినట్టు, బంతికి దూరంగా ఉన్నవాడే ముందుగా కదలాలి. బంతి చేరాక కదిలితే ఆలస్యమైనట్టే. షూటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మొదట వేగంగా పరుగెత్తి, చివరి రెండు మూడు అడుగులు చిన్నవిగా వేసి, చెయ్యి పైకెత్తి ఆగాలి. గాలిలోకి ఎగరకూడదు. ఈ డ్రిల్‌లో డిఫెన్స్‌కు పాయింటు, షాట్ తప్పినప్పుడు కాక రీబౌండ్ చేతికి చిక్కినప్పుడే ఇవ్వాలి. అప్పుడే బాక్సౌట్, అంటే ప్రత్యర్థిని ఒంటితో వెనక ఆపి రీబౌండ్ అందుకోవడం, అలవాటవుతుంది.

చెప్పుకోవడం గురించి ఒక మాట విడిగా రాయాలి. మన కోర్టుల్లో జూనియర్లు సీనియర్ల మీద అరవడానికి జంకుతారు. "అన్నా, కుడివైపు స్క్రీన్ వస్తోంది" అని మర్యాదగా మొత్తం చెప్పేలోగా బంతి రింగ్‌లో పడిపోతుంది. కాబట్టి "కుడి", "ఎడమ", "మారు", "నేనున్నా" అనే పొట్టి మాటలను జట్టంతా ఒప్పుకొని, కోర్టులో వాటికి మన్నన పదాలు జోడించనవసరం లేదని కెప్టెనే స్వయంగా ప్రకటించాలి. చిత్తూరు వైపు జట్లలో తమిళం ఇంటి భాషగా ఉన్న ఆటగాళ్లు కూడా ఉంటారు కనుక ఈ ఒప్పందం ముందుగానే కుదరడం మరీ అవసరం. స్క్రీన్ కదలికను చూడగలిగేది వెనకనున్న పొడుగరే, అరవవలసినదీ అతనే.

ఫౌళ్ల విషయంలో ఒకే సూత్రం: చేతులు చాచకుండా పాదాలు కదపాలి. ఒక క్వార్టర్‌లో నాలుగు జట్టు ఫౌళ్లు దాటితే ఐదోదాని నుంచి ప్రత్యర్థికి రెండు ఫ్రీ త్రోలు పోతాయి.

ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాక ఒక్కో చోటును కాసే జోన్‌ను మాత్రం లోపాలు దాచుకునే తెరగా వాడకూడదు. 2019 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో టొరంటో రాప్టర్స్, గోల్డెన్ స్టేట్ షూటర్ స్టీఫెన్ కర్రీ మీద బాక్స్ అండ్ వన్ (నలుగురు జోన్‌లో ఉండి ఒక్కడు అతన్నే వెంటాడే పద్ధతి) వేసినట్టు, కొద్ది నిమిషాలు ప్రత్యర్థి లయ చెడగొట్టడానికే దాన్ని దాచుకోవాలి.

తిరుపతి ఎండల్లో ఆరుబయట సిమెంట్ కోర్టు మీద ఈ సాధన ఉదయం ఏడులోపల ముగించాలి, లేదా ఎండ తగ్గాక సాయంత్రం మొదలుపెట్టాలి. సిమెంట్ మోకాళ్లను దెబ్బతీస్తుంది కనుక పక్కకు జరిగే డ్రిల్స్‌ను పదిహేను నిమిషాలకు మించనీయకుండా, మిగతా సమయాన్ని నడక వేగంతో స్థానాలు చూపించడానికి వాడుకోవాలి. నాలుగు మ్యాచ్‌ల తర్వాత అదే లెక్కను మళ్లీ వేయాలి. స్క్రీన్ల దగ్గర ఇచ్చే పాయింట్లు తగ్గి ప్రత్యర్థి ఆఫెన్సివ్ రీబౌండ్లు పెరిగి ఉంటే, పొడుగరి రింగ్‌కు మరీ దూరంగా వస్తున్నాడన్నమాట, అతన్ని రెండడుగులు వెనక్కి జరపాలి. రెండూ తగ్గి మధ్య దూరపు షాట్లు మాత్రమే పెరిగి ఉంటే కంగారుపడి పద్ధతి మార్చకండి. డ్రాప్ ఎంచుకున్ననాడే ప్రత్యర్థికి వదిలిపెట్టిన షాట్లు అవి.