సగం చెక్కిన కొయ్య నుంచి నవ్వించే బొమ్మ: ఎలా చెక్కాలి?

రఫౌట్‌ను, అంటే యంత్రం సగం చెక్కి ఇచ్చిన కొయ్య బొమ్మను, మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారికి పని మూడొంతులు అయిపోయినట్టే అనిపిస్తుంది. టోపీ ఉంది, ముక్కు ఉంది, జేబుల్లో దూర్చిన చేతులు ఉన్నాయి, బూట్లున్నాయి. నాలుగు గీతలు గీసి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు పూస్తే చాలనుకుంటాం. నేనూ ఒక కౌబాయ్ బొమ్మకు అదే చేశాను. ఆ కౌబాయ్ ఇప్పటికీ మా అల్మరాలో పన్ను నొప్పితో దవడ వాచిన మనిషిలా నిలబడి ఉన్నాడు. కొయ్యలో లోపమేమీ లేదు. యంత్రం మిగిల్చిన పై పొరను దాటి లోపలికి వెళ్లడానికి నేనే జంకాను.

ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ జంకు సగం పోతుంది. మారుతాళంచెవి చేసేవాడి దగ్గర ఒక మొన అసలు చెవిని తడుముతూ పోతే పక్కనే చక్రం కొత్త చెవిని కోస్తుంది కదా, ఇదీ అంతే. నిపుణుడు చెక్కిన మూల బొమ్మను ఒక మొన తడుముతుంటే, పక్కన తిరిగే కట్టర్లు చెక్కదిమ్మలను అదే ఆకారంలో తొలిచేస్తాయి. ఆ కట్టర్లు సన్నని సందుల్లోకి దూరలేవు. అందుకే రఫౌట్‌లో అన్నీ ఉబ్బుగా, మొద్దుగా, దుప్పటి కప్పినట్టు కనిపిస్తాయి. బొమ్మ ఆ దుప్పటి కింద ఉంది.

కారికేచర్లనే ఈ తరహా వ్యంగ్య బొమ్మలు అమెరికాలో బాగా వ్యాపించాయి. కారికేచర్ కార్వర్స్ ఆఫ్ అమెరికా అనే బృందం 1990లో ఏర్పడింది. అంతకు ముందే స్వీడన్‌లోని ఆస్కార్స్‌హామ్‌లో ఆక్సెల్ పీటర్సన్ (1868–1925) తన చుట్టూ ఉన్న పల్లె జనాన్ని చెక్కి పేరు తెచ్చుకున్నాడు. ఆయన బొమ్మల్లో కత్తి కోతలు పలకలు పలకలుగా అలాగే కనిపిస్తాయి. ఉప్పుకాగితం జోలికి వెళ్లవద్దని నేను చెప్పేది కూడా ఆ అందం కోసమే. పైగా రుద్దితే గరుకు రేణువులు కొయ్యలో చిక్కుకుని, తర్వాత కత్తి పదును తినేస్తాయి.

కొయ్య

అమెరికాలో రఫౌట్లు ఎక్కువగా బాస్‌వుడ్‌తో చేస్తారు. తేలిక, మెత్తన, పోగు సన్నన, కంటికి కొట్టొచ్చే గీతలుండవు. విస్కాన్సిన్, మిన్నెసోటా వంటి ఉత్తరాది చలి ప్రాంతాల్లో నెమ్మదిగా పెరిగిన చెట్టు కలప అయితే మరీ మంచిది.

మన దగ్గర రఫౌట్ దొరకకపోతే దిమ్మ నుంచే మొదలుపెట్టవచ్చు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర మెత్తగా, తేలికగా ఉంటుంది. దిమ్మకు ముందువైపు ఒక బొమ్మ, పక్కవైపు అదే ఎత్తులో ఇంకో బొమ్మ గీసి బ్యాండ్‌సా (పట్టీలా తిరిగే రంపపు యంత్రం) ఉన్న వడ్రంగి చేత రెండు వైపులా కోయించుకోండి. మొదటి వైపు కోయగా వచ్చిన ముక్కలను టేపుతో తిరిగి అంటించాకే రెండో వైపు కోయాలి. లేకపోతే గీసిన బొమ్మ ముక్కలతో పాటే పోతుంది, దిమ్మా నిలకడగా కూర్చోదు. ఇంతా చేసినా మన కొండపల్లి పద్ధతికీ దీనికీ తేడా ఉంది. అక్కడ భాగాలు విడివిడిగా చెక్కి అతికిస్తారు, కళ్లూ మీసమూ చాలావరకు కుంచె పని. ఇక్కడ ఒకే ముక్క. మొహంలో భావమంతా కత్తే తేవాలి.

పనిముట్లు

అంగుళంన్నర అలుగున్న చెక్కుడు కత్తి, పావు అంగుళం వెడల్పున్న వి ఆకారపు ఉలి, బాగా వంపు ఉన్న గుండ్రటి ఉలి ఒకటి, కొద్దిపాటి వంపున్నది ఒకటి. ఇవి చాలు. ఇరవై ఉలుల పెట్టె కొనేవారిని చాలామందిని చూశాను. వాటిలో పదహారు తుప్పు పడుతుంటాయి.

ఆ డబ్బుతో పదును పెట్టే తోలుపట్టీ, దానికి పూసే పాలిష్ ముద్ద కొనండి. మంగలి కత్తిని తోలు మీద లాగినట్టే, పదును వెనక వచ్చేలా లాగాలి. ముందుకు తోస్తే తోలు తెగుతుంది. అరగంటకోసారి పని ఆపి పది పదిహేను సార్లు ఇలా లాగితే సానరాయి అవసరం చాలా రోజుల దాకా రాదు. కోసిన చోట కొయ్య నున్నగా మెరవాలి. తెల్లటి గీరలు కనిపిస్తే అంచు మొద్దుబారిందని అర్థం.

బొమ్మ పట్టుకునే చేతికి కోతను తట్టుకునే గ్లౌజు, కత్తి పట్టిన చేతి బొటనవేలికి తోలు తొడుగు తప్పనిసరి. గ్లౌజు గీసుకోకుండా కాపాడుతుంది కానీ మొన గుచ్చుకుంటే ఆపలేదు. ఒడిలో బొమ్మ పెట్టుకుని తొడవైపు చెక్కకండి.

మొదటి దశ: యంత్రపు పొర తీసేయడం

పెన్సిల్‌తో మొహం మధ్యగా, టోపీ నుంచి బూట్ల దాకా ఒక గీత గీయండి. తర్వాత బంగాళాదుంప తొక్క తీసినట్టు బొటనవేలి ఆనికతో చిన్న చిన్న పేళ్లు లేపుతూ బొమ్మంతా ఒకసారి తిరగండి. యంత్రం వదిలిన గరుకు చార ఎక్కడా మిగలకూడదు. రంగు పడ్డాక ఆ చారలే ముందు కనిపిస్తాయి.

ఈ చుట్టు పూర్తయ్యేసరికి కొయ్య వాటం కూడా తెలుస్తుంది. పోగులు సాధారణంగా తల నుంచి కాళ్లకు నిలువుగా ఉంటాయి. కత్తి లోపలికి దిగబడుతూ పేడు చీలిపోతుంటే ఎదురు వాటంలో కోస్తున్నట్టు, దిశ మార్చండి. టోపీ అంచు, బూటు మొన దగ్గర పోగు పొట్టిగా ఉంటుంది కాబట్టి పుటుక్కున విరుగుతాయి. వాటిని మందంగానే ఉంచి చివర్లో పలచన చేయండి. విరిగితే ముక్క పారేయకుండా జిగురుతో అతికించండి, ఈ పనిలో అందరికీ ఒకసారైనా జరిగేదే. కొయ్య మరీ గట్టిగా అనిపిస్తే సగం నీళ్లు, సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి కొద్దిగా చిలకరించండి.

రెండో దశ: విడదీయడం

టోపీ కింద తల, కాలరు కింద మెడ, కోటు కింద ప్యాంటు, ప్యాంటు కింద బూటు: దేనికది వేరుగా కనిపించాలి. హద్దు గీత మీద కత్తి నిలువుగా దించి కోయండి, ఆ కోత దాకా పక్కనుంచి ఏటవాలుగా వచ్చి పేడు లేపండి. మొదటిసారి ఒక మిల్లీమీటరు లోతు వస్తుంది. అక్కడ ఆగిపోవడమే అందరం చేసే పొరపాటు. ఆరంగుళాల బొమ్మలో టోపీ కింద, కోటు అంచు కింద మూడు మిల్లీమీటర్లయినా దిగాలి. దీపం కింద పెట్టి చూడండి. నీడ పడకపోతే ఇంకా లోతు కావాలి.

మూడో దశ: మొహం

సగటున మనిషి ఎత్తు ఏడున్నర తలలంత ఉంటుంది. ఈ బొమ్మల్లో నాలుగైదు తలలే. అందుకే మొహం బాగుంటే మిగతా తప్పులు మాఫీ అవుతాయి.

ముందుగా, మొహం పళ్లెం కాదు. ముక్కు మధ్యగా ఉండి రెండు చెంపలూ చెవుల వైపు వెనక్కి వాలే పెంకుటింటి కప్పులాంటిది. ఆ వాలు తెచ్చాకే కనుబొమలు, ముక్కు అడుగు, నోరు, గడ్డం గీసుకోండి. కనుబొమల నుంచి ముక్కు అడుగుకు ఎంత దూరమో, అక్కడి నుంచి గడ్డం కిందికీ దాదాపు అంతే. చెవి కూడా కనుబొమకూ ముక్కు అడుగుకూ మధ్యే ఇముడుతుంది. ఈ కొలత తెలిసి తప్పితే వ్యంగ్యం, తెలియక తప్పితే వంకర.

కనుబొమల కింద, ముక్కు మొదట్లో లోతైన గాటు పెట్టండి. ముక్కు కొన నుంచి ఆ గాటులోకి వాలుగా కోస్తే ముక్కు దూలం వస్తుంది. ముక్కు కింద నిలువు కోత వేసి పై పెదవి వైపు నుంచి పేడు తీయండి. బాగా వంపున్న ఉలితో దూలానికి ఇరువైపులా కంటి గుంటలు తొలవండి. ముక్కుపుటాల నుంచి నోటి పక్కలకు వి ఉలితో నవ్వు గీతలు లాగండి. నోటి భాగం లోపల పళ్ల వరస ఉంది కనుక పీపాలా ముందుకు ఉబ్బి ఉండాలి. చదునుగా ఉంచితే బోసినోటి తాత అవుతాడు. మీకు తాతే కావాలంటే అదృష్టం కలిసొచ్చినట్టే.

ఇక ముక్కు పెద్దది చేయాలనుకున్నారు. రఫౌట్‌కు కొయ్య అతికించలేం కదా. ముక్కు పెరగాలంటే చెంపలు తగ్గాలి, గడ్డం వెనక్కి పోవాలి, కంటి గుంట ఇంకా లోపలికి దిగాలి. నా పాత కౌబాయ్‌కి ఈ సంగతే అందలేదు. అన్నీ ఉన్నంత ఎత్తులోనే ఉంచి, దేన్నో పెద్దది చేయాలని చూశాను. ఏదైనా ఒక్కటి ఎంచుకోండి: ముక్కో, గడ్డమో, మీసమో. మిగతావాటిని దాని కోసం తగ్గించండి.

కళ్లకు భయపడేవారికి తేలిక దారి ఉంది. నవ్వుతూ మూసుకున్న కన్నుకు గుంటలో ఒక వంపు గీత, బయటి మూల నుంచి రెండు ముడతలు చాలు. తెరిచిన కన్ను కావాలంటే గుంటలో గుడ్డులాంటి ఉబ్బు ఉంచి, రెప్పల గీతలను కత్తి మొనతో కోసి, రెండు మూలల్లో మూడేసి చిన్న కోతలతో ముక్కోణపు తునక తీయండి. ఆ మూలలు దిగితేనే కనుగుడ్డు గుండ్రంగా కనిపిస్తుంది. రెండు కళ్లూ అచ్చంగా ఒకేలా రాకపోతే బాధపడకండి, ఒక కనుబొమ కాస్త పైకి లేచిన మనిషే ఏదో అనబోతున్నట్టు ఉంటాడు.

బట్టల మడతలు అద్దం ముందు నిలబడి మీ చొక్కా చూసి నేర్చుకోండి. మోచేయి వంపు, మోకాలి వెనక, బూటు మీద పడిన ప్యాంటు. మడతలు అక్కడ పుట్టి పక్కలకు మాయమవుతాయి. అన్నిచోట్లా సమదూరంలో గీస్తే కోటు కాదు, ముడతల రేకు.

రంగు, నూనె

పాత పళ్లబ్రష్షుతో, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో బొమ్మను కడిగి ఆరనివ్వండి. చేతి మురికి, పెన్సిల్ గీతలు పోతాయి. ఆక్రిలిక్ రంగును మజ్జిగ కంటే పలచగా, నీళ్లలో కలిపి వేయండి. కొయ్య పోగు రంగులోంచి కనిపించాలి. బుగ్గలకు, ముక్కు కొనకు తడి ఆరకముందే ఎరుపు చుక్క తాకిస్తే ఎండలో తిరిగిన మొహం వస్తుంది.

ఒక రోజు ఆగి, కళాకారుల దుకాణంలో దొరికే మరిగించిన అవిసె నూనెలో ముదురు గోధుమరంగు ఆయిల్ పెయింట్ చిటికెడు కలిపి పూసి, వెంటనే తుడిచేయండి. లోతుల్లో గోధుమరంగు నిలిచి, మీరు కోసిన ప్రతి గాటూ బయటపడుతుంది. తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడెక్కి గుడ్డ దానంతటదే అంటుకోగలదు. ఆరుబయట పరిచి, పూర్తిగా గట్టిపడ్డాకే పారేయండి.