రక్తం ఎక్కించేటప్పుడు చలి, వణుకు వస్తే ముందు ఆపండి

బ్యాగ్ పెట్టిన కాసేపటికి రోగి "చలేస్తోంది" అంటే చాలాచోట్ల దుప్పటి కప్పి, పారాసెటమాల్ ఇచ్చి, రక్తాన్ని అలాగే నడవనిస్తారు. చాలాసార్లు అది మామూలు జ్వరమే అయి తగ్గిపోతుంది కూడా. కానీ గ్రూపు కలవని రక్తం వెళ్తున్నా మొదట కనిపించేది ఇదే చలి, ఇదే జ్వరం. మంచం పక్కన నిలబడి ఏది ఏదో తేల్చలేం. అందుకే ముందు ఆపాలి, కారణం తర్వాత వెతకాలి.

గ్రూపు తేడా రక్తం ఎక్కడానికి చాలావరకు కారణం ల్యాబ్ పరీక్ష కాదు, మనిషిని పోల్చుకోవడంలో పొరపాటు. శాంపిల్ ట్యూబుపై పేరు మంచం దగ్గరే రాయండి, టేబుల్ దగ్గరికి వెళ్లాక రాద్దామనుకోవద్దు. బ్యాగ్ పెట్టేముందు "మీరు ఫలానా వారేనా?" అని అడిగితే మగతలో ఉన్నవారు ఊ కొడతారు. "మీ పేరు చెప్పండి" అని అడగండి. చెప్పలేని స్థితిలో ఉంటే చేతి బ్యాండే ఆధారం. పేరు, ఆస్పత్రి నంబరు, గ్రూపు, బ్యాగ్ నంబరు, గడువు తేదీ ఇద్దరు కలిసి సరిచూడాలి. ఒకరు చూసి ఇంకొకరు సంతకం పెడితే అది సరిచూసినట్టు కాదు. బ్యాగులో గడ్డలు, రంగు మార్పు, లీకు ఉంటే వాడవద్దు.

ఎర్రకణాల బ్యాగ్‌ను ఫ్రిజ్ నుంచి తీశాక 30 నిమిషాల్లోపు మొదలుపెట్టాలి, 4 గంటల్లోపు ముగించాలి. ఆ లైనులో నార్మల్ సెలైన్ (ఉప్పునీటి ద్రవం) తప్ప ఇంకేమీ కలవకూడదు. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రవం) కలిస్తే ఎర్రకణాలు పగులుతాయి. రింగర్ లాక్టేట్ అనే మరో ద్రవంలోని కాల్షియం వల్ల రక్తం గడ్డకట్టవచ్చు.

మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా ఎక్కించండి, రోగి కంటి ముందే ఉండాలి. మొదలుపెట్టే ముందు, 15 నిమిషాలకు, అయిపోయాక టెంపరేచర్, పల్స్, బీపీ, శ్వాస రాసుకోండి. ముందు కొలత లేకపోతే తర్వాతి కొలతకు అర్థం ఉండదు. నడుము నొప్పి, సూది ఉన్నచోట మంట, "ఏదో అయిపోతోంది" అన్న భయం, ముదురు రంగు మూత్రం... వీటిలో ఏది వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. మత్తులో ఉన్న రోగి ఏమీ చెప్పలేడు. బీపీ పడిపోవడం, కోసినచోట రక్తం ఆగకుండా ఊరడం, మూత్రం ఎర్రబడడం మాత్రమే కనిపిస్తాయి.

నా ఉద్దేశంలో అందరూ తక్కువగా అనుమానించేది ఆయాసాన్నే. వృద్ధులు, గుండె లేదా కిడ్నీ జబ్బున్నవారు, బక్కపలచనివారు రెండు బ్యాగులు వెంటవెంటనే తట్టుకోలేరు. ఒంట్లో ద్రవం ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇది రక్తం ఎక్కించాక 12 గంటల వరకూ రావచ్చు. ఒక్క బ్యాగ్ ఇచ్చి, చూసి, అవసరమైతేనే రెండోది. ద్రవం ఎక్కువ కాకుండానే ఊపిరితిత్తులు దెబ్బతినే ట్రాలి అనే రియాక్షన్ కూడా ఉంది. అది 6 గంటల్లోపు వస్తుంది, తరచూ బీపీ పడిపోతుంది, అందులో లాసిక్స్ (మూత్రం ద్వారా నీటిని బయటికి పంపే మందు) పనిచేయదు. కాబట్టి ఆయాసం అనగానే లాసిక్స్ కాదు, ముందు డాక్టరు చూడాలి.

రియాక్షన్ అనుమానం రాగానే క్లాంప్ మూయండి. నరంలో ఉన్న కాన్యులా (సన్నని గొట్టం) తీయవద్దు, ఆ దారి కావాలి. కొత్త ట్యూబు సెట్‌తో సెలైన్ పెట్టండి. పాత ట్యూబులోని రక్తం లోపలికి పోనివ్వకండి. డాక్టరును పిలిచి, చేతి బ్యాండునూ బ్యాగ్ లేబుల్‌నూ మళ్లీ పోల్చండి. తేడా కనిపిస్తే వెంటనే బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేయండి, ఇంకొకరి బ్యాగ్ ఇక్కడుందంటే మీ రోగి బ్యాగ్ మరో మంచం దగ్గర ఉండవచ్చు. మిగిలిన బ్యాగ్‌ను సెట్‌తో సహా, కొత్త రక్త శాంపిళ్లు, మూత్రం శాంపిల్ పంపండి. ఖాళీ బ్యాగులనూ పారేయవద్దు.

ఒంటిమీద దద్దుర్లు మాత్రమే ఉంటే ఆపి, డాక్టరు చెప్పిన అలర్జీ మందు ఇచ్చి, తగ్గాక నెమ్మదిగా కొనసాగించవచ్చు. గొంతు బిగుసుకున్నా, బీపీ పడినా అడ్రినలిన్ ఆలస్యం చేయకూడదు. పెద్దవారికి 0.5 మి.గ్రా. తొడ కండరంలోకి.

కొన్ని రియాక్షన్లు ఇంటికి వెళ్లాకే బయటపడతాయి. నాలుగు వారాల్లోపు కామెర్లు, నీరసం, ముదురు మూత్రం కనిపిస్తే తిరిగి రమ్మనీ, రక్తం ఎక్కించుకున్నామని చెప్పమనీ డిశ్చార్జ్ కాగితం మీద రాసివ్వండి.