వెల్క్రో పట్టే నాన్‌వోవెన్ గుడ్డను ఎలా ఎంచుకోవాలి: బస్సు సీటు హెడ్‌రెస్ట్ కవర్ల కోసం

హెడ్‌రెస్ట్ కవర్లు కుట్టడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒక్కటే: "మేస్త్రీ, ఎన్ని జీఎస్‌ఎం తీసుకోమంటారు?" చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పేదే జీఎస్‌ఎం. గుడ్డ ఎంత దళసరిగా ఉందో దాన్నిబట్టి కొంత తెలుస్తుంది. వెల్క్రో పట్టుకుంటుందో లేదో మాత్రం తెలియదు. విజయవాడ ఆటోనగర్‌లో బస్సు సీట్ల పని మాది. గుడ్డ కొనేటప్పుడు నేను ఏం చూస్తానో ఇక్కడ రాస్తున్నాను.

వాడి మార్చేసే కవర్లకు తేలికైన పద్ధతి ఇది. సీటు వెనక వైపు హుక్ టేప్, అంటే గరుకు పట్టీ, శాశ్వతంగా కుట్టేస్తాం. కవరుకు మెత్త పట్టీ కుట్టం. నాన్‌వోవెన్, అంటే నేయకుండా చేసిన గుడ్డే, ఆ పని చేస్తుంది. టేపు ఖర్చు, కుట్టు కూలీ రెండూ తగ్గుతాయి, క్లీనర్ కుర్రాడు బస్సు మొత్తం చకచకా మార్చేస్తాడు. కాకపోతే బరువంతా గుడ్డ మీదే పడుతుంది. అది సరైనది కాకపోతే సగం దారిలో కవర్లు జారి సీట్ల మధ్య పడి ఉంటాయి.

ముందు గుడ్డ ఎలా తయారవుతుందో తెలియాలి. నాన్‌వోవెన్‌లో పడుగు, పేక ఉండవు. మన క్యారీ బ్యాగుల గుడ్డనే చూడండి, దాన్ని స్పన్‌బాండ్ అంటారు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి, సన్నని పోగులుగా లాగి, పొరగా పరిచి, వేడి రోలర్ల మధ్య నుంచి పంపుతారు. గుడ్డ మీద కనిపించే చిన్న చిన్న చుక్కలు ఆ రోలర్ గుర్తులే. చుక్క దగ్గర పోగులన్నీ కరిగి ముద్దయిపోతాయి, అక్కడ హుక్‌కు దొరికేదేమీ ఉండదు. చుక్కకూ చుక్కకూ మధ్య వదులుగా ఉన్న పోగే హుక్‌లో చిక్కుతుంది. చుక్కలు మరీ దగ్గరగా ఉంటే హుక్ జారిపోతుంది. మరీ దూరంగా ఉంటే పోగు ఊడి హుక్‌తో పాటే వచ్చేస్తుంది. మధ్యలో వదులుగా, చివర్లలో గట్టిగా ఉన్న పోగు కావాలి మనకు.

2021 సెప్టెంబర్ 30 నుంచి నాన్‌వోవెన్ క్యారీ బ్యాగు గుడ్డ 60 జీఎస్‌ఎంకు తగ్గకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. అందుకే హోల్‌సేల్ షాపుల్లో 60, 70, 80 రోల్స్ బాగా కనిపిస్తాయి. దళసరిగా ఉంది కదా అని వాటినే కొనేస్తారు చాలామంది. సంచికి కావలసింది బరువు మోసే గట్టిదనం, అందుకని దాన్ని అణిచి చదునుగా చేస్తారు. పైన పోగు లేచి ఉన్న 40 జీఎస్‌ఎం గుడ్డ దానికంటే బాగా పట్టడం నేను చాలాసార్లు చూశాను.

షాపుకు వెళ్లేటప్పుడు మీరు వాడే హుక్ టేప్ ముక్క ఒకటి జేబులో పెట్టుకోండి. గుడ్డను బల్ల మీద పరిచి, ముక్కను బొటనవేలితో గట్టిగా అదిమి, బల్లకు సమాంతరంగా లాగండి. ఇది జారుడు పట్టు. తర్వాత ఒక మూల పట్టుకుని పైకి లేపండి. ఇది ఒలుపు పట్టు. మొదటిది గట్టిగా ఉండాలి, రెండోది చర్రుమంటూ తేలికగా రావాలి. ఇప్పుడు ముక్కను వెలుతురుకు ఎత్తి హుక్‌ల మధ్యలో చూడండి. అక్కడక్కడా ఒకటి రెండు పోగులుంటే పర్వాలేదు. తెల్లగా నూగు పట్టిందంటే ఆ గుడ్డ వద్దు. నూగు నిండిన హుక్ తర్వాత వేసే మంచి కవర్‌ను కూడా పట్టుకోదు. గుడ్డ మీద అదే చోట పదిసార్లు పెట్టి తీసి చూడండి. రోల్ నిలువులో ఒకసారి, అడ్డంలో ఒకసారి లాగండి. పోగులు ఎక్కువగా రోల్ నిలువునే పడుకుంటాయి కాబట్టి పట్టులో తేడా వస్తుంది. ఎటు బాగా పట్టిందో దాన్నిబట్టి కటింగ్ పెట్టుకోవాలి.

పెద్ద ఆర్డరైతే మిల్లువాళ్లను ఏఎస్‌టీఎం (పరీక్షల పద్ధతులు ఖరారు చేసే అమెరికా సంస్థ) డి5169 (జారుడు), డి5170 (ఒలుపు) పరీక్షల అంకెలు అడగండి. ఏ హుక్‌తో పరీక్షించారో కూడా అడగాలి. వేరే హుక్‌తో వచ్చిన అంకె మనకు పనికిరాదు.

హుక్ కూడా రెండు రకాలు. టైలరింగ్ సామాన్ల షాపులో దొరికే నేత టేపుకు నైలాన్ తీగ కత్తిరించిన పెద్ద కొక్కేలుంటాయి. అవి మెత్త పట్టీ కోసం చేసినవి, పల్చని నాన్‌వోవెన్‌ను చీల్చేస్తాయి. మోల్డెడ్ హుక్ తీసుకోండి: పొట్టిగా, దగ్గరదగ్గరగా, వేలితో రాస్తే సన్న గరుకు కాగితంలా ఉంటుంది. పిల్లల డైపర్ చెవుల దగ్గర ఉండేది ఈ జాతిదే.

మిగతా రకాల్లో స్పన్‌లేస్ (తడి వైప్స్ గుడ్డ) నీటి ధారలతో పోగులను పెనవేసి చేస్తారు. మెత్తగా ఉంటుంది, హుక్ బాగా దిగుతుంది, కానీ లాగితే సాగుతుంది, నూగు వదులుతుంది. నీడిల్ పంచ్ ఫెల్ట్ (సూదులతో గుచ్చి పోగులను పెనవేసిన గుడ్డ) కవర్‌కు మరీ మందం.

పాలీప్రొపిలీనో పాలియెస్టరో తేల్చుకోవాలంటే చిన్న ముక్కను సబ్బు నీళ్లలో పిండి గాలి బుడగలు పోనివ్వండి. పాలీప్రొపిలీన్ తేలుతుంది, పాలియెస్టర్ మునుగుతుంది. ఈ తేడా తెలిసి ఉండాలి. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి ఇస్త్రీ పెట్టకూడదు. యూవీ మందు కలపనిదైతే ఎండకు పెళుసెక్కుతుంది. కిటికీ పక్క సీట్లలో అది ముందుగా కనిపిస్తుంది. తలనూనెను ఇట్టే పీల్చుకుంటుంది కూడా. తక్కువలో వస్తుంది కాబట్టి వాడి పారేసే కవర్లకు అదే సరి. ఎక్కువ రోజులు ఉంచాలంటే పాలియెస్టర్ అడగండి.

కుట్టేటప్పుడు అంచును రెండు మడతలు వేసి, కుట్టు పొడవు 4 మిల్లీమీటర్ల దాకా పెట్టుకోండి. దగ్గర కుట్టు వేస్తే సూది రంధ్రాల వెంబడి గుడ్డ టిక్కెట్టులా చిరుగుతుంది. హుక్ టేప్ ఎప్పుడూ సీటు వెనక, పై అంచుకు కాస్త కిందే ఉండాలి. ముందు వైపు ఉంటే ఆడవాళ్ల జుట్టు, చున్నీ చిక్కుకుంటాయి. అలా వెనక కుట్టాక, ముందు వైపు తల తగిలి కవర్ లాగబడినప్పుడు ఆ బరువు జారుడు పట్టు మీద పడుతుంది. గమ్ టేప్ వాడొద్దు. మే నెల ఎండలో నిలిపిన బస్సులో గమ్ మెత్తబడి టేపే ఊడి వస్తుంది.

కవర్లు మార్చిన ప్రతిసారీ గట్టి బ్రష్‌తో హుక్‌లను ఒక వైపే గీకండి. లోపల ఇరుక్కున్న వెంట్రుకలను సూదితో లాగెయ్యాలి. ఆ బ్రష్, సూది ఎప్పుడూ బస్సులోనే ఉండేలా చూడమని నేను ప్రతి ఓనరుకూ చెబుతాను.