రన్నింగ్ క్లబ్బుకు వాలంటీర్ కోచ్‌లు దొరికిన తీరు (నా అనుభవం)

ఆదివారం పొద్దున ఐదున్నరకు నెక్లెస్ రోడ్డుకు నలభై మంది వచ్చేవాళ్లు, చూసుకునేది ఒక్క కోచ్. ఆయన రాని రోజు కొత్తవాళ్లు ముందువాళ్ల వెంటపడి పిక్కలు పట్టేసి, నెల తిరక్కుండా మానేసేవాళ్లు. వాట్సాప్ ప్రకటన, ఉచిత టీషర్టు, చందాలతో జీతపు కోచ్: ఏదీ నిలవలేదు.

ముందు "కోచ్" అనే మాట తీసేశాం, అది వింటేనే జనం వెనకాడతారు. పనిని చిన్నది చేశాం: ఒక గుంపు, ఆరు ఆదివారాలు, గంటన్నర చొప్పున, అంతే. ముగింపు తేదీ ముందే చెప్పడం చాలా ముఖ్యం. తర్వాత పేర్లు రాసుకున్నాం. వేగంగా పరిగెత్తేవాళ్లవి కాదు, రెండు మూడు హాఫ్ మారథాన్లు నిదానంగా పూర్తిచేసినవాళ్లవి. వేగం ఉన్నవాళ్లు తెలియకుండానే గుంపును లాగేస్తారు. పరుగయ్యాక టీ దగ్గర ఒక్కొక్కరినే అడిగాం: "ఎనిమిది నిమిషాల పేస్ గుంపు వచ్చే ఆదివారం నుంచి మీరు చూస్తారా అండీ?" (పేస్ అంటే కిలోమీటరు పరుగుకు పట్టే సమయం.)

గుంపుకు ఇద్దరు, ఒకరు ముందు, ఒకరు చివర. చేతిలో చిన్న కార్డు: 8 నిమిషాల వార్మప్, 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, మాట్లాడలేకపోతే వేగం తగ్గించు, వెళ్లేటప్పుడు, వచ్చాక తలలు లెక్కపెట్టు. నొప్పికి సలహా ఇవ్వొద్దు, ఫిజియో దగ్గరికి పంపు. మొదటి రెండు వారాలు కోచ్ వాళ్ల పక్కనే పరిగెత్తారు. ఇది వదిలేస్తే కార్డు జేబులోనే ఉండిపోతుంది.

పదిమంది క్లబ్బుకు ఇంత ఏర్పాటు అక్కర్లేకపోవచ్చు. ట్రాక్ మీద వేగంగా పరిగెత్తి, కాస్త తేరుకుని, మళ్లీ పరిగెత్తే ఇంటర్వల్స్‌కు మాత్రం శిక్షణ పొందిన కోచే కావాలి. కేబీఆర్ పార్కు చుట్టూ ఎత్తుపల్లాల్లో అయితే పేస్ బదులు ఊపిరి చూసుకోమని కార్డులో మార్చండి.