ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌కు పని చెప్పడం ఎలా: ఐదు అరల ప్రాంప్ట్

ఏఐకి పని చెబుతూ రాసే సూచనే ప్రాంప్ట్. దాన్ని రాయడానికి చట్రాలకు కొదవ లేదు. కో-స్టార్, రైజెన్, ఆర్‌టీఎఫ్ అంటూ ఒక్కో అక్షరానికి ఒక్కో శీర్షిక పెట్టి చెబుతుంటారు. ఉదాహరణకు కో-స్టార్‌లో శైలి, స్వరం, పాఠకులు అనే అరలు ఉంటాయి. వ్యాసమో ప్రకటనో రాయించుకోవడానికి అవి బాగానే పనికొస్తాయి. కోడ్‌కు స్వరంతో పనేముంది? ఏ ఫైలు ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు, పని పూర్తయిందని ఎలా తేలుతుంది అన్నవే అక్కడ అసలు ప్రశ్నలు. నేను చాలాకాలంగా పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను చూసుకుంటున్నాను. ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ అది. ఒక చోట కదిలిస్తే మరో చోట లెక్క తప్పుతుంది. అలాంటి కోడ్ మీద పనిచేస్తూ నేను స్థిరపడిన పద్ధతిలో ఐదు అరలున్నాయి: సందర్భం, పని, హద్దులు, నమూనా, పరీక్ష.

ఒక్క ఉదాహరణతో మొత్తం చూపిస్తాను. నెలవారీ అమ్మకాల రిపోర్టులో నెల చివరి రోజు ఆర్డర్లు లెక్కలోకి రావడం లేదు. చాలామంది అసిస్టెంట్‌కు రాసేది ఇంతే: ‘నెలవారీ రిపోర్టులో చివరి రోజు ఆర్డర్లు రావడం లేదు, సరిచెయ్యి.’ అదే పనిని నేను ఇలా రాస్తాను:

సందర్భం: రిపోర్టుల ఫోల్డర్‌లోని నెలవారీ ఫైలులో అమ్మకాల మొత్తాన్ని లెక్కించే ఫంక్షన్ ఉంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఆర్డర్ సమయం కాలమ్‌లో తేదీతో పాటు గంట, నిమిషం, సెకను కూడా నమోదవుతాయి.

పని: నెల చివరి తేదీ 00:00:00 తర్వాత వచ్చిన ఆర్డర్లు మొత్తంలో చేరడం లేదు. ముందు కారణం చెప్పు. నేను సరేనన్నాకే ఫంక్షన్‌ను మార్చు.

హద్దులు: ఫంక్షన్ పేరు, అది తీసుకునే విలువలు, తిరిగిచ్చే ఫలితం రూపం మారకూడదు. టేబుళ్ల నిర్మాణం ముట్టుకోవద్దు. కొత్త లైబ్రరీ చేర్చవద్దు. ఈ ఫైలు, దీని టెస్ట్ ఫైలు తప్ప మరేదీ మార్చవద్దు.

నమూనా: అదే ఫోల్డర్‌లోని వారపు రిపోర్టు ఫైలులో తేదీల పరిధిని ఎలా రాశామో చూడు. ఇక్కడా అదే తీరులో రాయి.

పరీక్ష: 2024 ఫిబ్రవరి 29, 23:59:59కి వచ్చిన ఆర్డర్ ఫిబ్రవరి మొత్తంలో ఉండాలి. 2024 మార్చి 1, 00:00:00కి వచ్చింది ఫిబ్రవరిలో ఉండకూడదు. 2024 డిసెంబర్ 31 రాత్రి వచ్చిన ఆర్డర్ డిసెంబర్‌లోనే ఉండాలి. ఫంక్షన్‌ను మార్చే ముందు ఈ మూడు టెస్టులు రాసి నడుపు. ఇప్పుడున్న కోడ్‌తో మొదటిది, మూడోది విఫలం కావాలి.

ఇందులో రెండో టెస్ట్ ఎందుకు పెట్టానో చెప్పాలి. ఈ లోపానికి మూలం సాధారణంగా, డేటాబేస్‌ను అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో రెండు విలువల మధ్య ఉన్నవాటిని ఎంచే ‘బిట్వీన్’ దగ్గర ఉంటుంది. సమయం కూడా ఉన్న కాలమ్‌ను వట్టి తేదీతో పోలిస్తే, ఫిబ్రవరి 29 అంటే ఆ రోజు మొదలయ్యే క్షణమనే డేటాబేస్ లెక్కవేస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఆర్డర్లన్నీ పరిధి బయట పడిపోతాయి. దీనికి చటుక్కున తట్టే మరమ్మతు, ముగింపు తేదీకి ఒక రోజు కలపడం. కానీ ‘బిట్వీన్’ రెండు కొసలనూ కలుపుకుంటుంది కాబట్టి, మార్చి 1న సరిగ్గా 00:00:00కి వచ్చిన ఆర్డర్ ఫిబ్రవరిలోనూ కనిపిస్తుంది, మార్చిలోనూ కనిపిస్తుంది. ఆ అడ్డదారి రెండో టెస్ట్ దగ్గర దొరికిపోతుంది. సరైన మరమ్మతు వేరు: ఈ నెల ఒకటో తేదీ నుంచి మొదలై, వచ్చే నెల ఒకటో తేదీకి ముందు ఆగాలి. ఆ జవాబును ప్రాంప్ట్‌లో నేను రాయలేదు. రాయనవసరం కూడా లేదు. పరీక్షలు సరిగా ఉంటే తప్పు జవాబు నిలబడదు.

మంచి పరీక్ష రాయాలంటే సమస్య మీకు ముందే అర్థమై ఉండాలి. ఈ అర నింపడానికి చేయి ఆగిపోతోందంటే పని ఇంకా అప్పగించే స్థితికి రాలేదన్నమాట. అప్పుడు కోడ్ అడగకండి. ‘ఈ ఫంక్షన్ ఏం చేస్తోందో వివరించు, ఏయే సందర్భాల్లో తప్పవచ్చో చెప్పు’ అని అడిగి, ఆ సమాధానంలోంచి పరీక్షలు ఏరుకోండి.

ఇక హద్దులు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈ అసిస్టెంట్లు మాత్రం అడగనివి కూడా వడ్డిస్తాయి. పక్క ఫంక్షన్‌కు కొత్త పేరు పెడతాయి, ఎర్రర్ సందేశాలు తిరగరాస్తాయి, బాగానే ఉన్న కోడ్‌ను నాలుగు ఫైళ్లుగా విడగొడతాయి. ఒక్కో మార్పు చూస్తే సబబుగానే ఉంటుంది. కానీ రెండు వరుసల మరమ్మతు ఆ గుంపులో కలిసిపోతే, సమీక్షించే మనిషికి అసలు మార్పు ఏదో తెలియదు. అందుకే మారకూడనివాటిని పేరు పెట్టి రాయాలి. ‘అనవసరమైన మార్పులు చేయవద్దు’ అన్న వాక్యం నా దృష్టిలో ఖాళీ వాక్యమే, ఎందుకంటే ఏది అనవసరమో మళ్లీ దాని ఊహకే వదిలేస్తున్నాం.

లైబ్రరీల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. ఈ అసిస్టెంట్ల వెనకున్న భాషా నమూనాలు (లాంగ్వేజ్ మోడల్స్) ఒక్కోసారి లేని ప్యాకేజీ (లైబ్రరీ) పేర్లను ఉన్నట్టే రాస్తాయి. అలాంటి పేరుతో ఎవరైనా హానికరమైన ప్యాకేజీని ముందే పెట్టి ఉంచితే, మీ ఇన్‌స్టాల్ ఆదేశం దాన్నే తెచ్చి పెడుతుంది. ఈ మోసానికి ‘స్లాప్‌స్క్వాటింగ్’ అనే పేరు కూడా స్థిరపడింది. కొత్త లైబ్రరీ తప్పనిసరైతే, అసిస్టెంట్ ఇచ్చిన పేరును ప్యాకేజీల జాబితా ఉండే రిజిస్ట్రీలో మీరే వెతికి, ఎవరు నిర్వహిస్తున్నారో చూశాకే చేర్చండి.

నమూనా అర చిన్నదైనా ఫలితం పెద్దది. ‘శుభ్రంగా రాయి’ అని పేరా నింపడం కన్నా, మీ ప్రాజెక్టులోనే బాగా రాసిన ఒక ఫైలు చూపించడం మేలు. ఉదాహరణలు చూసి తీరు పట్టుకోవడం భాషా నమూనాలకు బాగా చేతనవునని, 2020లో ఓపెన్‌ఏఐ తన జీపీటీ-3 నమూనాపై వెలువరించిన పరిశోధన పత్రంతోనే స్పష్టమైంది. ‘నువ్వు ఇరవై ఏళ్ల అనుభవమున్న ఇంజనీరువి’ వంటి పాత్ర వాక్యాలను నేను వాడను. ఆ చోటును ఫైలు పేరుకు ఇస్తాను.

ఉన్నదాన్ని బాగుచేయడం కాకుండా కొత్త సౌకర్యం కట్టించేటప్పుడు, పని అరలో ఈయర్స్ పద్ధతి వాడతాను. రోల్స్-రాయిస్‌లో అలిస్టెయిర్ మావిన్, ఆయన సహచరులు విమాన ఇంజన్ల నియంత్రణ వ్యవస్థల అవసరాలు రాయడానికి రూపొందించి 2009లో ప్రచురించిన పద్ధతి ఇది. ఏదైనా జరిగినప్పుడు వ్యవస్థ ఏం చేయాలి, ఒక స్థితి కొనసాగుతున్నంతసేపు ఏం చేయాలి, అవాంఛనీయమైనది జరిగితే ఏం చేయాలి అన్నవాటికి వేర్వేరు వాక్య రూపాలుంటాయి. ‘చెల్లింపు సేవ నుంచి 10 సెకన్లలో సమాధానం రాకపోతే, ఆర్డర్‌ను పెండింగ్ స్థితిలో ఉంచి వినియోగదారుకు తెలియజేయాలి’ అని రాస్తే అది సగం టెస్టే. ముఖ్యంగా ఆ మూడో రకం వాక్యాలు రాయండి. మనం మరిచిపోయే సందర్భాలన్నీ అక్కడే ఉంటాయి.

అరల వరుస కూడా చూసుకోవాలి. పొడవైన పాఠం ఇచ్చినప్పుడు దాని మధ్యన ఉన్న సమాచారాన్ని భాషా నమూనాలు సరిగా వాడుకోలేకపోతున్నాయని, మొదట్లోను చివర్లోను ఉన్నదాన్ని మెరుగ్గా అందుకుంటున్నాయని 2023లో ఒక పరిశోధన చూపించింది. కాబట్టి పెద్ద ఎర్రర్ లాగ్ (లోపాల నమోదు) అతికించాల్సి వస్తే దాన్ని పైన పెట్టి, పనినీ పరీక్షనూ చివరకు తెస్తాను. లాగ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ట్యాగులతో గుర్తు పెడతాను. పాస్‌వర్డులు, రహస్య యాక్సెస్ కీలు అందులో మిగిలిపోయాయేమో ముందు వెతికి తీసేస్తాను.

ప్రతి పనికీ ఇంత తతంగం అక్కరలేదు. వేరియబుల్ పేరు మార్చడానికి ఒక్క వాక్యం చాలు. రోజూ తిరిగి రాయాల్సి వచ్చే హద్దులను ప్రాజెక్టు ప్రధాన ఫోల్డర్‌లోని సూచనల ఫైలులో పెట్టేయండి. ‘ఏజెంట్స్ డాట్ ఎండీ’ అనే ఫైలును చాలా టూల్స్ చదువుతాయి, ఆంత్రోపిక్ వారి కోడింగ్ అసిస్టెంట్ క్లాడ్ కోడ్ అయితే ‘క్లాడ్ డాట్ ఎండీ’ని చదువుతుంది. టెస్టులు నడిపే ఆదేశం, మారకూడని ఫోల్డర్లు, పేర్లు పెట్టే పద్ధతి అందులో ఉండాలి. పొడవు పెరగనివ్వకండి; అక్కడున్న ప్రతి వాక్యం ప్రతి పనిలోనూ చోటు ఆక్రమిస్తుంది.

సంభాషణ దారి తప్పితే దిద్దుబాటు మీద దిద్దుబాటు పేర్చవద్దు. పాత తప్పుడు ప్రయత్నాలన్నీ ఆ సంభాషణలోనే ఉండి కొత్త జవాబును కూడా అదే దారికి లాగుతుంటాయి. కొత్త సెషన్ తెరిచి, ఏం తెలిసిందో హద్దుల్లో చేర్చి, ఐదు అరలూ మళ్లీ ఇవ్వండి.

టెస్టులన్నీ పాసయ్యాయని అసిస్టెంట్ చెప్పినప్పుడు, ఏ వరుస మారిందో చూపే గిట్ డిఫ్‌లో ముందుగా టెస్ట్ ఫైలు తెరవండి. కోడ్ కుదరనప్పుడు టెస్టునే సడలించడం, తనకు అనుకూలమైన విలువను నేరుగా రాసేయడం జరుగుతుంటుంది. ‘విఫలమైన టెస్టును మార్చవద్దు, టెస్టే తప్పనిపిస్తే ఆగి అడుగు’ అన్న వాక్యాన్ని నేను సూచనల ఫైలులో శాశ్వతంగా ఉంచాను. అయినా డిఫ్‌లో ఆ ఫైలును చూశాకే మిగతాది చదువుతాను.